గాటు పెడితే డైలాగు ఆదా

ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. మా గురువు రాఘవయ్యగారు చివరి రోజుల్లో నా చేతిలో పెట్టిన పౌడరు పఫ్ మీద ఒట్టు. ఇరవై ఎనిమిదేళ్లు నాకు అన్నం పెట్టిన మేకప్ పెట్టె మీద, దాని మూత లోపల అంటించిన అమ్మవారి పటం మీద కూడా ఒట్టు. ఫిలింనగర్‌లో నన్ను ఎరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారు. ‘మేకప్ మూర్తి ఒట్టు వేశాడంటే పర్సు చూసుకోండి’ అని అక్కడొక సామెత ఉంది. ఆ సామెత పుట్టించింది కూడా నేనే.

నాకు యాభై ఆరు. పని మానే వయసు కాదు. నేను మానలేదు, నా కుడిచెయ్యి మానేసింది. వణుకు పట్టుకుంది. ఒక హీరోగారికి కనుబొమ్మ దిద్దుతుంటే పెన్సిల్ జారి గీత చెవి దాకా పోయింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన అద్దంలో అటూ ఇటూ చూసుకుని “ఇదేదో కొత్తగా ఉంది మూర్తీ” అని మూడు రోజులు ఆ కనుబొమ్మతోనే షూటింగ్ చేశాడు. నాలుగో రోజు నేనే సిగ్గుపడి సెలవు తీసుకున్నాను.

ఇప్పుడు కోర్సులు చేసి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు మా ఇంటికి వచ్చి, ఏ ఫౌండేషన్ మంచిది, ఏ బ్రష్షు కొనాలి అని అడుగుతుంటారు. అవి షాపువాడు చెబుతాడు. షాపువాడు చెప్పనిది ఇక్కడ రాస్తాను. నా చివరి మేకప్ ఎవరికి వేశానన్నది కూడా. అది హీరోగారికి కాదు.

ముందుగా కుక్క సంగతి

ఒక హీరోయిన్ గారి అమ్మకు తెల్లటి పొమేరియన్ ఉండేది. పేరు స్నోయీ. సినిమాలో దానికి చిన్న వేషం దొరికింది. మొదటి రోజే ఎండకు తాళలేక అది బండి కింద పడుకుని లేవనంది. డూపు కావాలన్నారు. కృష్ణానగర్ సందులో టీకొట్టు దగ్గర బన్నులు తిని బతికే గోధుమరంగు కుక్క ఒకటి ఉంటే పట్టుకొచ్చారు. స్నానం చేయించి, బొచ్చు దువ్వి, తెల్లరంగు పట్టించాను. తోకకు విగ్గు ముక్క అతికించాను. నా చేతిపని నేనే నమ్మలేకపోయాను.

షాటు అయ్యాక ఆ అమ్మగారు కంగారులో డూపును ఎత్తుకుని ఏసీ కారులో జూబ్లీహిల్స్ వెళ్లిపోయారు. అసలు స్నోయీ నా మేకప్ రూములో బల్ల కింద నిద్రపోతోంది. ఫోన్ చేసి చెబుదామంటే ప్రొడక్షన్ మేనేజరు నా నోరు మూయించాడు. నాలుగు రోజులు ఆ వీధికుక్క సోఫా మీద కూర్చుని ఉడకబెట్టిన కోడి తిన్నది. ఆవిడ పక్కలో పడుకున్నది. అయిదో రోజు స్నానం చేయిస్తే గోధుమరంగు బయటపడింది. కేక విని వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చాడు.

కుక్క అదే. నాలుగు రోజులు ముద్దు పెట్టుకున్న నోటితోనే ఆవిడ ‘ఛీ’ అంది. మన పని ఎలాంటిదో ఆ రోజే నాకు అర్థం కావాల్సింది. అర్థం కాలేదు. నవ్వించే కథ దొరికిందని సంబరపడ్డాను.

గురువుగారి సూత్రం

రాఘవయ్యగారు గొప్ప పనివాడు. మాటలు తక్కువ. ఆయన దగ్గర చేరిన కొత్తలో ఒక రౌడీ గ్యాంగుకి నన్ను మేకప్ వేయమన్నారు. పదిమందికీ నున్నగా, పద్ధతిగా వేశాను. డైరెక్టరు వచ్చి చూసి అరిచాడు: “వీళ్లు రౌడీలా, బ్యాంకు గుమాస్తాలా?”

గురువుగారు నన్ను పక్కకు జరిపి పావుగంటలో పదిమందినీ మార్చేశారు. ఒకడికి చెంప మీద కత్తిగాటు. ఒకడికి మెడ మీద పచ్చబొట్టు. ఒకడికి కంట్లో తెల్ల లెన్సు. చేతులు తుడుచుకుంటూ అన్నారు: “గాటు పెడితే డైలాగు ఆదా, మూర్తీ. వీడు చెడ్డవాడని ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.”

ఆ సూత్రం పట్టుకుని జీవితమంతా బతికాను. ఎన్ని చెంపలు కోశానో, ఎన్ని మెడల మీద తేళ్లు, పాములు గీశానో లెక్క లేదు. హాల్లో కూర్చున్న జనం గాటు చూడగానే పళ్లు కొరికేవాళ్లు. అది చూసి పొంగిపోయేవాణ్ణి. మనుషుల్ని ముఖం చూసి తూస్తారని లోకాన్ని మనం తిడుతుంటాం. ఆ తూకంరాళ్లు కొన్ని నా పెట్టెలోనే తయారయ్యాయి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర నుంచి కొండ ఎక్కుతుంటే ఎన్ని చర్మం డాక్టర్ల బోర్డులో మీరే చూడండి. ముక్కు చెక్కించుకుని వచ్చినవాళ్లకు, పెదవులు ఉబ్బించుకున్నవాళ్లకు, దవడ ఎముక అరగదీయించుకున్నవాళ్లకు వాపు కనపడకుండా నేనే కప్పాను. వాళ్లను ఎవరూ ‘ఎందుకు చేయించుకున్నావు’ అని అడగలేదు. ‘మెరిసిపోతున్నారండీ’ అన్నారు, నేను కూడా అన్నాను. అదే కత్తి, అదే సూది, అదే రక్తం. అందరూ మెచ్చే ముఖం కోసమైతే అందం, వేరే ముఖం కోసమైతే పిచ్చి. మా నాయనమ్మ గడ్డం మీద మూడు పచ్చబొట్లు ఉండేవి. మోచేతుల దాకా ముగ్గులు ఉండేవి. ఆవిడ ఒళ్లోనే పెరిగాను. అయినా నాకు గుర్తు రాలేదు.

దావీదు

జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు యాదగిరి ఒక ఉదయం మేకప్ రూములోకి ఒక మనిషిని తీసుకొచ్చాడు.

“మూర్తన్నా, గీయనకు నువ్వు రంగు పెట్టే పనే లేదు. దేవుడే మేకప్ వేసి పంపిండు.”

“దేవుడు కాదండీ. నేనే వేయించుకున్నాను” అన్నాడు ఆ మనిషి, మెల్లగా.

నేను పఫ్ కింద పడేశాను. నుదుటి నుంచి మెడ కిందిదాకా చేపపొలుసుల్లాంటి నీలం పచ్చబొట్టు. ముఖమంతా ఎక్కడా ఖాళీ లేదు. నుదుటి మీద చర్మం కింద రేగుపండంత బుడిపెలు రెండు, చిన్న కొమ్ముల్లా. మాట్లాడుతుంటే నాలుక చివర రెండుగా చీలి ఉన్నట్టు కనిపించింది. పేరు దావీదు. కోనసీమ మనిషి. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. కీబోర్డు వాయించేవాడిగా అవకాశం వెతుక్కుంటూ వచ్చి, రాక్షసుల గుంపులో తేలాడు.

“ఎందుకయ్యా ఇదంతా?” అన్నాను.

“ఇష్టమండీ.”

“ఇష్టం సరే, కారణం?”

“ఇష్టమే కారణమండీ. తమరికి ఆ మీసం ఎందుకండీ?”

“మగాడికి మీసం ఉంటుందయ్యా.”

“నాకిది ఉంటుందండీ.” నవ్వాడు. “చిన్నప్పట్నించీ అద్దంలో చూసుకుంటే ఎవరో పక్కింటాయన కనిపించేవాడండీ. మర్యాదస్తుడే, కానీ నేను కాదు. ఇప్పుడు నేనే కనిపిస్తున్నాను.”

“మీ అమ్మ ఏమంది?”

“రెండు నెలలు మాట్లాడలేదండీ. మూడో నెల ఫోన్ చేసి, ‘జ్వరం వస్తే ఆ బుడిపెలు నొప్పెడతాయేంట్రా’ అనడిగింది. అక్కడితో అయిపోయింది.”

మనిషి మెత్తన. తన టీ గ్లాసుతో పాటు పక్కవాళ్ల గ్లాసులు కూడా కడిగి పెట్టేవాడు. అయినా భోజనాల దగ్గర అతనికి అటు రెండు కుర్చీలు, ఇటు రెండు కుర్చీలు ఎప్పుడూ ఖాళీగా ఉండేవి. ఎవరూ కావాలని ఖాళీ పెట్టరు. అలా అయిపోతుంది, అంతే.

నేను చెప్పిన కథ

జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే ఒక బంగళాలో మధ్యాహ్నం భోజనాల వేళ. దావీదు ఇంకా షాటులో ఉన్నాడు. ఎవరో అడిగారు, “మూర్తిగారూ, ఆయన అలా ఎందుకు చేయించుకున్నాడండీ?”

‘ఇష్టమై చేయించుకున్నాడు’ అని చెప్పవచ్చు. కానీ అది కథ కాదు. వినేవాళ్లు ముప్పైమంది ఉన్నారు, నా నోరు ఊరుకోలేదు. కుర్చీ ముందుకు లాక్కున్నాను. సినిమా అవకాశం కోసం దావీదు శ్మశానంలో నలభై ఒక్క రోజులు కూర్చున్నాడన్నాను. దెయ్యానికి మొక్కి, చేతి అద్దంలో చూసుకుంటూ బ్లేడుతో తన నాలుక తానే కోసుకున్నాడన్నాను. కోసిన మర్నాడే మొదటి వేషం వచ్చిందన్నాను. అన్నం ముద్దలు చేతిలోనే ఉండిపోయాయి. కెమెరామన్ సహాయకురాలు ఒకామె “అబ్బా, ఆపండి సార్” అంటూనే ఇంకా దగ్గరకు జరిగింది. అంతకంటే పెద్ద బహుమతి నాకెవరూ ఇవ్వలేదు.

యాదగిరి నా వీపు తట్టాడు. “మస్తుందే అన్నా కథ! గిది డైరెక్టర్లకు చెప్త. మనోడికి ఇగ ఫికరే లేదు.”

నిజంగానే దావీదుకు పని పెరిగింది. కథ అతని చెవిన కూడా పడింది. ఒక రోజు నా టీ గ్లాసు కడిగి బల్ల మీద బోర్లిస్తూ అన్నాడు:

“తమరి కథలో నేను చాలా గట్టోణ్ణండీ. నాకే భయమేసింది. ఒక్క మనవండీ. మోతీనగర్ దాకా మాత్రం రానివ్వకండి.”

“మోతీనగర్‌లో ఏముంది?”

“మా చర్చి అక్కడేనండీ. ఆదివారాలు పిల్లలకి పాటలు నేర్పుతాను, కీబోర్డు మీద. మొదట్లో పెద్దలు భయపడ్డారు గానీ, అయిదేళ్లయ్యింది, అలవాటుపడ్డారు. వారమంతా రాక్షసుడి వేషం వేసేది ఆ గంట కోసమేనండీ.”

“కథకు కాళ్లుంటాయా ఏమిటి, మోతీనగర్ నడిచి పోవడానికి” అన్నాను.

నెల తిరగకుండా ఒకతను ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఫోన్లలో వచ్చే ఏదో ఛానెల్, తెర వెనుక ముచ్చట్లు చెప్పమన్నాడు. కెమెరా చూడగానే దావీదు మనవి మర్చిపోయానని రాస్తే బాగుంటుంది. మర్చిపోలేదు. గుర్తుండగానే చెప్పాను. ఆ రోజు కొత్తగా కథలో ఒక నల్ల కోడిని కూడా చేర్చాను.

మోతీనగర్

దావీదు మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే చెప్పుల దగ్గరే నిలబడ్డాడు.

“రెండు వారాలుగా తల్లులు పిల్లల్ని పంపట్లేదండీ. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుంటారట. మీరొచ్చి ఆ కథ మీరే అల్లారని ఒక్క మాట చెబితే చాలండీ.”

వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను. చర్చి పక్క హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు. సంఘ పెద్ద జయరాజుగారు, రిటైరైన లెక్కల మాస్టారు, ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. “రండి మూర్తిగారూ. మీలాంటి పెద్దమనిషి వచ్చారు, సంతోషం” అని మొదటి వరసలో కూర్చోబెట్టారు.

ఆయన దుర్మార్గుడు కాదు. మాట కూడా ఆచి తూచి అన్నారు.

“చూడండీ, ఒంటి మీద బొమ్మలు తప్పని మా బైబిల్ వాక్యం. అయినా దావీదు విషయంలో సర్దుకున్నాం. మా మనవరాలైతే వారం వారం ఆ బుడిపెలు ముట్టుకుని చూస్తుంది. చీలిన నాలుకతో ఆయన ‘స’ అంటే కొంచెం బుస వినిపిస్తుంది. పిల్లలూ అలాగే పట్టేశారు. పాతికమంది పిల్లలు బుసకొడుతూ దేవుణ్ణి స్తుతిస్తుంటే నవ్వుకున్నాం. ఇష్టపడి చేయించుకున్నాడంటే అదొక సంగతి. దెయ్యానికి మొక్కి కోసుకున్నాడంటే ఆ తల్లులకి నేనేం చెప్పనండీ? మీరు ఆయనతో పనిచేశారు. ఆ శ్మశానం సంగతి నిజమా?”

దావీదు నా వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను.

“అబద్ధమండీ. అది నేను అల్లాను. అన్నం తింటూ అల్లాను. అతను శ్మశానం గడప తొక్కలేదు. నాలుక కోసింది డాక్టరు, మత్తిచ్చి మరీ.”

జయరాజుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “మరి కోడి?” అన్నారు.

“కోడిని చివర్లో చేర్చానండీ. కథ కొంచెం పలచగా ఉందనిపించింది.”

వెనక వరసలో ఒకావిడ నవ్వింది. ఆ నవ్వు ముందు వరస దాకా పాకింది. ఆ డిసెంబరులో దావీదు కీబోర్డు దగ్గర కూర్చున్నాడు, పిల్లలు బుసలు కొడుతూ పాడారు. కాబట్టి కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మేకప్ రూము కబుర్లు పుట్టే చోటు. నోరు జారితే లేచి నిలబడి చెప్పేయండి. అయిదు నిమిషాల సిగ్గు, అంతే.

ఏది కల్పించాను

మొదట్లో ఒట్టు వేశాను కదా. చదివినవాళ్లు ఇప్పటికే కుక్క దగ్గర ఇది అబద్ధమని పెన్సిలుతో గీత గీసి ఉంటారు. కుక్క నిజం. తోకకు విగ్గు ముక్క కూడా నిజం. కనుబొమ్మ నిజం, మూడు రోజులు కాదు, రెండు.

నేను లేచి నిలబడ్డానన్నది కల్పితం.

ఆ హాల్లో నేను కుర్చీలోంచి కదలలేదు. ఫిలింనగర్‌లో నన్ను అబద్ధాలకోరు అంటే అది బిరుదు. ఇక్కడ నా చేతులు పట్టుకుని ‘పెద్దమనిషి’ అన్నారు. ఆ మాట అప్పటిదాకా నన్నెవరూ అనలేదు. అన్న పావుగంటకే దాన్ని తిరిగి ఇచ్చేయాలంటే ప్రాణం ఒప్పలేదు. “నేను మేకప్ వరకేనండీ. ఆయన సొంత సంగతులు నాకు తెలియవు” అన్నాను. మెడ మీద పాము గీసినంత తేలిగ్గా అనేశాను.

దావీదు కోప్పడలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు. జయరాజుగారు “ఈ సంవత్సరానికి విశ్రాంతి తీసుకో నాయనా” అన్నారు. దావీదు అందరికీ వందనాలు చెప్పి, నన్ను ఆటో దాకా దిగబెట్టాడు. “టిఫిన్ చేసి వెళ్లండి, దారిలో మంచి ఇడ్లీ ఉంది” అన్నాడు.

వచ్చే ఆదివారం వెళ్లి చెబుదామనుకున్నాను. ఆదివారాలు చాలా వచ్చాయి.

డిసెంబరులో, క్రిస్మస్ ముందు ఆదివారం పొద్దున్నే దావీదు మళ్లీ మా ఇంటికి వచ్చాడు. “ఇవాళ పిల్లలు పాడతారండీ. వెనక కూర్చుని విని వచ్చేస్తాను. ఒక్కసారికి ఇదంతా కప్పగలరాండీ?”

పెట్టె తీశాను. అప్పటికే నా చెయ్యి గాలికి అరటాకులా ఊగుతోంది. అది చూసి అతను తన చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. అతను పట్టుకుంటే నేను వేశాను. నుదురు, చెంపలు, ముక్కు, చెవుల వెనక, మెడ. రెండు గంటలు పట్టింది. బుడిపెలు కప్పడం ఏ మేకప్ తరమూ కాదు, మంకీక్యాపు పెట్టాం. అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకున్నాడు.

“పక్కింటాయన వచ్చేశాడండీ” అన్నాడు.

చర్చిలో చివరి వరసలో కూర్చున్నాం. జయరాజుగారు అందరినీ పలకరిస్తూ మా దాకా వచ్చారు. దావీదును ఆనవాలు పట్టలేదు. అతని భుజం మీద చెయ్యి వేసి, “కొత్తగా వచ్చావా బాబూ? వెనక ఎందుకు, ముందుకొచ్చి కూర్చో” అన్నారు, ప్రేమగా. నాకు సోఫా మీద కూర్చున్న గోధుమరంగు కుక్క కనిపించింది. దావీదు తల అడ్డంగా ఊపాడు. నోరు తెరవలేదు, తెరిస్తే నాలుక కనిపిస్తుంది.

పిల్లలు లేచి వరసగా నిలబడ్డారు. కీబోర్డు దగ్గర ఎవరో కొత్తమ్మాయి. పాట మొదలైంది. మొదటి చరణంలో ‘స’ వచ్చింది. పాతికమంది పిల్లలు ఒక్కసారిగా బుస కొట్టారు. కొత్తమ్మాయి నేర్పింది కాదు అది.

దావీదు కళ్లలోంచి కారిన నీళ్లు ప్యాన్‌కేక్ పూత మీదుగా దారి చేసుకున్నాయి. చెంప మీద సన్నగా, నీలంగా ఒక గీత బయటపడింది. పఫ్ నా జేబులో ఉంది. అలవాటుగా చెయ్యి జేబులోకి పోయింది.

“వద్దులెండి” అన్నాడు, పెదవులు కదపకుండా.

అదే నా చివరి మేకప్. ఆ రోజు కూడా నేను లేచి చెప్పలేదు. అందుకే ఇది రాశాను. కథకు కాళ్లుంటాయా అన్నాను కదా, ఆ కోడి ఉన్న కథ తనే నడిచి వెళ్లింది. ఇది వెళ్లేలా లేదు. ఈ ఆదివారం జయరాజుగారి దగ్గరికి నేనే మోసుకెళ్లాలి.